ఆగిరిపల్లి నుంచి వెలుగుబాటలో – ఆచార్య సూరి భగవంతంగారు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను ఏ దేశనాయకుని గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేను మాత్రం నా చిగుళ్ళ పుణ్యమా అని ఒక శాస్త్రజ్ఞుణ్ణి ఎంచుకున్నాను. చిగుళ్ళకూ శాస్త్రజ్ఞుడికీ సంబంధమేమిటో మొదట మనవి చేసుకుంటాను.

మనలో చాలామంది లాగే నేనూ ఏళ్ళ తరబడి రక్తపోటుకు మాత్రలు మింగుతున్నాను. వాటిలో కొన్ని రకాల మాత్రల వల్ల కొందరికి చిగుళ్ళు పెరిగి పళ్ళమీదికి వస్తాయి. నాకూ అదే జరిగింది. బ్రష్ పెడితే రక్తం, అన్నం నమిలితే నొప్పి. విజయవాడలో ఒక పళ్ళ డాక్టరమ్మగారి దగ్గరకు మా అబ్బాయి తీసుకుపోయాడు. కత్తి పెడతారని గుండె చిక్కబట్టుకొని కుర్చీలో వాలాను. ఆమె నాకు రంగు కళ్ళద్దాలు పెట్టి, తానూ పెట్టుకొని, చిగురుకు మత్తు ఇచ్చి, పెన్ను లాంటి ఒక పరికరం చేతిలోకి తీసుకున్నారు. పావుగంటలో పెరిగిన చిగురు తీసివేశారు. కొంచెం కాలిన వాసన వచ్చింది గాని కుట్లు లేవు, రక్తం ఒకటి రెండు చుక్కలకు మించలేదు. అది లేజరు కాంతి అని ఆమె చెప్పారు.

వెలుగుతో మాంసం ఎలా తెగిందమ్మా అని అడిగాను. పాపం, బయట ఇంకా నలుగురు కాచుకొని ఉన్నా ఆమె విసుక్కోకుండా చెప్పారు. చిగురుకు వాడే లేజరు కాంతిని రక్తంలోని ఎరుపు పదార్థమూ, చర్మానికి నలుపునిచ్చే పదార్థమూ బాగా పీల్చుకుంటాయట. పీల్చుకున్న కాంతి వేడిగా మారుతుంది. ఆ వేడికి చిగురు తెగుతుంది, రక్తనాళాల మూతులు మూసుకుపోతాయి. పంటిని తొలిచే లేజరు వేరు. దాని కాంతిని నీరు పీల్చుకుంటుంది. మన కంటికి ఎండిన రాయిలా కనిపించే పంటిలో కూడా కొంత నీరు ఉంటుందట. అది ఒక్కసారిగా ఆవిరై పుచ్చిన భాగాన్ని పొడిపొడిగా విరగగొడుతుంది. అంటే ఏ కాంతికి ఏ పదార్థం ఎలా బదులు పలుకుతుందో తెలిస్తేనే ఈ వైద్యం సాధ్యం.

ఆ మాట విన్నాక నాకు మన ఆగిరిపల్లి భగవంతంగారు గుర్తుకు వచ్చారు. కాంతికి పదార్థం చెప్పే జవాబును చదవటంలోనే వారి యౌవనమంతా గడిచింది. లేజరును కనిపెట్టింది వారు కాదు, పళ్ళ వైద్యంతోనూ వారికి పని లేదు. కాని పదార్థాన్ని కాంతితో ప్రశ్నించే విద్యను మన దేశంలో నిలబెట్టిన మొదటి తరంలో వారొకరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను మనం వారి విషయంలో నిజం చేశామేమోనని నా అనుమానం.

సూరి భగవంతంగారు 1909 అక్టోబరు 14న ఆగిరిపల్లిలో జన్మించారు. విజయవాడ నుంచి నూజివీడు వెళ్ళే దారిలో, శోభనాచలస్వామి కొండ ఉన్న ఊరది. కృష్ణ కాలువల కింది మాగాణి అయిపోయి మామిడితోటల మెట్ట మొదలయ్యే ప్రాంతం. అప్పుడు కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఏలూరు జిల్లాలో చేర్చారు. భగవంతంగారు హైదరాబాదు నిజాం కళాశాలలో బి.యస్‌సి. చదివారు. ఆ రోజుల్లో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వెంకట రామన్‌గారు తమ పేరు నిలిచిపోయిన రామన్ ఫలితాన్ని కనిపెట్టారు. ఆ ఏడే భగవంతంగారు వారి దగ్గరకు చేరారు. అప్పటికి వయసు పంతొమ్మిది. బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ భవనంలో ఆ పరిశోధనలు జరిగేవి.

రామన్‌గారి గురించి మన పింఛనుదారులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. వారు మన బాపతు మనిషే! 1907లో ఫైనాన్సు సర్వీసు పరీక్ష ప్యాసై కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. పదేళ్ళపాటు పగలు సర్కారు లెక్కలు చూసి, ఆఫీసు ముందూ తర్వాతా ప్రయోగశాలలో గడిపారు. 1917లో ఆ పెద్ద జీతం వదులుకొని, తక్కువ జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా వెళ్ళారు. చిన్నతనంలో వారు చదివింది కూడా మన విశాఖపట్నంలోనే. గురువుగారు ఫైళ్ళు వదిలి ప్రయోగశాలకు వచ్చారని పాఠకులు గుర్తుంచుకోవాలి. దానితో ముందు పని ఉంది.

ఇంతకూ రామన్ ఫలితమంటే ఏమిటి? ఒకే రంగు కాంతిని ఒక పదార్థం మీదికి పంపితే అందులో చాలాభాగం అదే రంగుతో చెదురుతుంది. సుమారు కోటి కాంతి కణాలలో ఒకటి మాత్రం రంగు మార్చుకొని వస్తుంది. ఆ మార్పు ఎంతో కొలిస్తే ఆ పదార్థంలోని అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. ట్రెజరీలో మనం దాఖలు చేసే నమూనా సంతకం వంటిదనుకోండి. ప్రతి పదార్థానికీ దాని సంతకం వేరు. సంతకం చూసి మనిషిని గుర్తుపట్టినట్టు ఆ గీతలు చూసి పదార్థాన్ని గుర్తుపట్టవచ్చు.

కాని కోటికి ఒకటిని పట్టుకోవటం సామాన్యమైన పని కాదు. అప్పుడున్నది పాదరసపు దీపం. దాని వెలుగు అన్ని వైపులకూ పోతుంది. చెదిరి వచ్చే కాంతి కంటికి ఆననంత మసకగా ఉంటుంది. దాన్ని ఫోటో ప్లేటు మీద పట్టాలంటే గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి చీకటిగదిలో దీపం వెలిగించి కాచుకోవాలి. భగవంతంగారి యౌవనం ఆ చీకటిగదుల్లో గడిచింది. 1930 నాటికి వారు వజ్రంలో ఈ కాంతిని పరిశీలించారు. వజ్రాలకు లోకప్రసిద్ధమైన కృష్ణాతీరం నుంచి వెళ్ళిన యువకుడు వజ్రపు సంతకాన్ని చదివాడన్నమాట. 1931లో రామన్‌గారితో కలిసి, కాంతి కణానికి స్పిన్ అనే గుణం ఉందని ప్రయోగపూర్వకంగా చూపే వ్యాసం ప్రకటించారు. అప్పటికి వారికి ఇరవైరెండేళ్ళు.

1932లో భగవంతంగారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆ విశ్వవిద్యాలయం 1926లో మన బెజవాడలోనే మొదలైందని పాతవారికి తెలుసు. 1930లో దాన్ని వాల్తేరుకు తరలించారు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అప్పుడు వైస్ ఛాన్సలరు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారి దాతృత్వంతో సైన్సు కళాశాల రూపుదిద్దుకుంటున్న కాలమది. ముప్పై నిండకముందే భగవంతంగారు అక్కడ భౌతికశాస్త్రంలో ప్రొఫెసరయ్యారు. 1940లో కాంతి పరిక్షేపణం మీద, రామన్ ఫలితం మీద వారు రాసిన ఇంగ్లీషు గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. తెలుగుదేశంలోని ఒక కొత్త విశ్వవిద్యాలయం నుంచి అటువంటి పుస్తకం రావటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

వాల్తేరులో వారు చేసిన మరొక పని, నా లెక్కలో అన్నిటికంటే గొప్పది, గణితంతో చేసినది. గణితశాస్త్రజ్ఞులు టి. వెంకటరాయుడుగారితో కలిసి, స్ఫటికంలోని సౌష్ఠవాన్ని బట్టి దాని నుంచి ఎన్ని గీతలు రావాలో ముందే లెక్కగట్టే పద్ధతిని 1939లో ప్రకటించారు. సౌష్ఠవమంటే, ముగ్గును పావు వంతు తిప్పినా అదే ముగ్గులా కనిపిస్తుంది చూడండి, ఆ గుణం. ఏ గీత కనిపిస్తుంది, ఏది కనిపించదు అనేది ఆ గుణమే నిర్ణయిస్తుంది. ప్రయోగం చేసిన తరువాత సరిచూసుకోవటానికి ముందే ఒక జాబితా చేతిలో ఉన్నట్టు. ఈ విషయం మీద వారిద్దరి గ్రంథం 1948లో వెలువడింది. స్ఫటికాలను చదివేవారు ఆ పద్ధతిని వారి పేర్లతోనే వ్యవహరిస్తారు.

ఈలోగా యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. అద్దాలు, దీపాలు, సున్నితమైన పరికరాలతో చేసే పనికి అటువంటి తరలింపు ఎంత దెబ్బో, ఆఫీసు మారినప్పుడు బీరువాలు మోయించిన మనకు కొంతైనా అర్థమవుతుంది.

1948లో భగవంతంగారు లండనులోని భారత హైకమిషన్‌లో శాస్త్రవిషయాల సంబంధాధికారిగా వెళ్ళారు. తిరిగి వచ్చి 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేరారు. 1952 నుంచి 1957 వరకు అక్కడే వైస్ ఛాన్సలరు. ఆ అయిదేళ్ళలోనే హైదరాబాదు రాష్ట్రం పోయి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. 1933లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు రామన్‌గారు. గురువుగారి కుర్చీలోకి శిష్యుడు వచ్చారు. కాని ఈసారి చేతికి వచ్చింది చీకటిగది కాదు, బడ్జెట్టూ, నియామకాలూ, కమిటీలూను.

ఇక్కడే నన్ను ఎన్నాళ్ళుగానో ఆలోచింపజేస్తున్న సంగతి ఉంది. 1960 మే 16న అమెరికాలో థియొడోర్ మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కెంపురాతితో మొదటి లేజరును వెలిగించాడు. మామూలు దీపం కాంతి మన విజయవాడ స్టేషనులో బండి దిగిన జనం లాంటిది, తలో దిక్కుకు పోతుంది. లేజరు కాంతి పోలీసు కవాతు లాంటిది. ఒకే రంగు, ఒకే దిక్కు, ఒకే అడుగు. రామన్ ఫలితం చూడటానికి ముప్పై ఏళ్ళుగా శాస్త్రజ్ఞులు ఎటువంటి దీపం కోసం మొహం వాచి ఉన్నారో సరిగ్గా అటువంటి దీపం. ఆ దశకంలోనే ప్రపంచంలో రామన్ పరిశోధనలకు కొత్త ప్రాణం వచ్చింది. రోజుల పని నిమిషాలలోకి వచ్చింది.

మరి ఆ దీపం వెలిగిన మరుసటి సంవత్సరం, 1961లో, భగవంతంగారు ఢిల్లీకి వెళ్ళారు. డి.యస్. కొఠారీగారి తరువాత రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా, రక్షణ పరిశోధన సంస్థకు అధిపతిగా బాధ్యత తీసుకున్నారు. మరుసటి ఏడే చైనా యుద్ధం. 1965లో పాకిస్తాను యుద్ధం. కృష్ణమేనన్, చవాన్, స్వరణ్‌సింగ్ – ముగ్గురు మంత్రుల కింద 1969 వరకు పనిచేశారు. అంటే గురువుగారు ఫైళ్ళు వదిలి ప్రయోగశాలకు వస్తే, శిష్యుడు ప్రయోగశాల వదిలి ఫైళ్ళలోకి వెళ్ళారు. అదీ తన విద్యకు కావలసిన దీపం దొరికిన వేళ!

ఇది నష్టమా? మొదట్లో నేను నష్టమనే అనుకునేవాణ్ణి. ముప్పై ఏడేళ్ళు ఫైళ్ళు కట్టి విప్పినవాణ్ణి కనుక, ఫైలు మనిషిని ఎలా మింగుతుందో నాకు తెలుసు. ఉదయం కుర్చీలో కూర్చుంటే సాయంత్రానికి ఏం చేశామో చెప్పుకోవటానికి ఏమీ మిగలదు. అంతటి మేధావి నోటు ఫైళ్ళమీద సంతకాలు పెట్టటం దేశానికి లాభమా అని వాదించేవాణ్ణి. మా ఆఫీసులో టీ వేళ ఈ వాదం ఒకసారి గట్టిగానే జరిగింది. మా హెడ్ గుమాస్తాగారు నన్ను ఎదురు ప్రశ్న వేశారు. అటువంటి కుర్చీలో ఏమీ తెలియనివాడు కూర్చుంటే ప్రయోగశాలలకు డబ్బు ఎవరు ఇస్తారయ్యా అని. జవాబు చెప్పలేకపోయాను.

తరువాత తెలిసిన సంగతి ఒకటి నా అభిప్రాయాన్ని కొంత మార్చింది. ఢిల్లీలో ఆ బరువు మోస్తూనే 1966లో భగవంతంగారు స్ఫటికాల సౌష్ఠవం మీద, వాటి భౌతిక ధర్మాల మీద ఒక పెద్ద గ్రంథం లండను నుంచి ప్రచురించారు. అప్పటికి వారికి యాభైఆరేళ్ళు. దీపాలకూ చీకటిగదులకూ దూరమైనా, సౌష్ఠవ గణితానికి కావలసింది కాగితం, పెన్సిలు, కొంచెం నిశ్శబ్దం. పగటి కొలువుకు పోగా మిగిలిన వేళను గురువుగారు ఎలా వాడుకున్నారో శిష్యుడూ అలాగే వాడుకున్నారు. అయినా నష్టం అసలే లేదనను. ఆ ఎనిమిదేళ్ళూ లేజరు దీపంతో చీకటిగదిలో గడిపి ఉంటే ఏం బయటపడేదో ఎవరూ చెప్పలేరు. జమా ఖర్చుల్లో రెండు పక్కలా అంకెలున్న పద్దు ఇది.

వారి వ్యక్తిగత జీవితం గురించి ఒక్క మాట. భగవంతంగారు పుట్టపర్తి సత్యసాయిబాబావారి భక్తులు. బాబావారి తెలుగు ఉపన్యాసాలను సభల్లో ఇంగ్లీషులోకి అనువదించేవారు. శాస్త్రజ్ఞుడికి ఇదేమిటని అప్పట్లో కొందరు విమర్శించారు, కొందరు మెచ్చుకున్నారు. ఆ తగవులోకి నేను పోను. భగవంతంగారు 1989లో, డెబ్బైతొమ్మిదేళ్ళ వయసులో కాలం చేశారు.

మళ్ళీ పళ్ళ దగ్గరకు వస్తాను. లేజరు పుట్టిన నాలుగైదేళ్ళకే అమెరికాలో దాన్ని పంటిమీద పరీక్షించారు. కెంపు లేజరు వేడికి పంటిలోపలి నరం దెబ్బతింటుందని తేలి అప్పటికి మానుకున్నారు. 1964లో మన దేశంలో పుట్టిన కుమార్ పటేల్ అమెరికాలో కార్బన్ డయాక్సైడ్ లేజరును తయారుచేశారు. నోటిలోని మెత్తని భాగాలకు అది పనికివచ్చింది. చిగుళ్ళకు లేజరు వాడకానికి అమెరికా ప్రభుత్వం 1990లో అనుమతించింది. గట్టి పంటిని తొలిచే ఎర్బియం లేజరుకు 1997లో అనుమతి వచ్చింది. కెంపు లేజరు చెడగొట్టిన చోట ఎర్బియం లేజరు ఎలా నెగ్గింది? దాని కాంతి పొడవు 2,940 నానోమీటర్లు. నీరు అన్నిటికంటే గట్టిగా పీల్చుకునే కాంతి అది. అందుకని వేడి లోపలికి దిగకుండా పైపైనే ఖర్చయిపోతుంది. పైన నీటి తుంపర పోస్తూ పనిచేస్తారు. ముప్పై ఏళ్ళకు పైబడిన మార్పంతా కాంతికి బలం పెంచటంలో లేదు, తగిన కాంతిని ఎంచుకోవటంలో ఉంది.

రామన్ ఫలితం నేరుగా కూడా పంటి దగ్గరకు వచ్చింది. పంటి పైపొర ఖనిజంలోని ఫాస్ఫేటుకు రామన్ వర్ణపటంలో 960 అంకె దగ్గర ఒక బలమైన గీత వస్తుంది. ఖనిజం కరిగిపోతున్న చోట ఆ గీత బలహీనపడుతుంది. పన్ను పుచ్చటం కంటికి కనిపించకముందే పట్టుకోవటానికి పరిశోధకులు లేజరు దీపంతో ఈ గీతను చదువుతున్నారు. వాల్తేరులో ఇద్దరు తెలుగువారు రూపొందించిన లెక్క ఇటువంటి గీతల కోసమే.

మన సభ్యులకు నాలుగు జాగ్రత్తలు కూడా చెప్పి ముగిస్తాను. లేజరు అన్నిటికీ మందు కాదు. పాత వెండి సిమెంటును తీయటానికి అది పనికిరాదు. గార తీయించుకోవటానికి అది ప్రత్యామ్నాయమూ కాదు. ఖర్చు ఎక్కువ, కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి. కళ్ళద్దాలు లేకుండా ఆ కుర్చీలో కూర్చోవద్దు. చక్కెర వ్యాధి ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే డాక్టరుకు చెప్పండి. ఆ మాత్రలను గాని, బి.పి. మాత్రలను గాని మీ అంతట మీరు ఆపవద్దు. నా మాత్రను మా డాక్టరుగారే మార్చి ఇచ్చారు.

నా చిగుళ్ళు ఇప్పుడు బాగున్నాయి. వచ్చే వేసవిలో మా మనుమలను తీసుకొని నూజివీడు మామిడిపళ్ళకు పోదామని ఉంది. దారిలో ఆగిరిపల్లిలో కొండ కనబడేచోట కారు ఆపించి, ఈ ఊరి పిల్లవాడొకడు కలకత్తా వెళ్ళి వజ్రపు సంతకం చదివాడని చెబుతాను. మీరూ అటు వెళితే మీ పిల్లలకు చెప్పండి.